పాత జీపు బ్రేకులు - ఒక పరిశీలన

సావనీరుకు "పిల్లలకు పనికొచ్చే వ్యాసం ఏదైనా" రాసి ఇమ్మని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక ఏ నక్షత్రాల గురించో, అణువుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. కాలేజీ చెట్టు కింద ఎప్పుడూ నిలబడి ఉండే నా పాత జీపును చూసి నవ్వని విద్యార్థి లేడు. ఆ జీపు గురించే, అందునా దాని బ్రేకుల గురించే రాస్తున్నాను. ఇంటర్మీడియెట్‌లో మనం చదివి మరచిపోయిన పాఠాలు నాలుగు ఇందులో ఉన్నాయి. ఆ పాఠాలు గుర్తులేక ఒకనాడు నా కుటుంబం మొత్తం లోయ అంచుదాకా వెళ్ళి వచ్చింది.

నల్లగొండ, పాలమూరు జిల్లాలవారికి జీపు కొత్త వాహనం కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడిన తర్వాత ఆ కొండదారుల్లో తిరిగింది జీపులే. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించాక సమితులు వచ్చాయి, సమితితోబాటు బి.డి.ఓ. గారి జీపు వచ్చింది. ఊళ్ళో దుమ్ము లేచిందంటే "సమితి జీపు" వచ్చిందనే లెక్క. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చినాక, ఆ జీపులు చాలావరకు వేలంలో అమ్ముడుపోయాయి. మా మామగారు కొన్నది అట్లాంటిదే. విల్లీస్ వారి నమూనాపై మహీంద్రా కంపెనీ చేసిన సి.జె. 3బి, ఎత్తైన బానెట్ గలది. పెట్రోలు ఇంజను ఎప్పుడో తీసేసి డీజిలు ఇంజను వేశారు. దున్నిన చెలకలో పోతుంది, వాగులో పోతుంది, గుట్ట ఎక్కుతుంది. ఆగమంటే మాత్రం కొంచెం ఆలోచించి ఆగుతుంది.

ఇది ఆ ఒక్క బండి దోషం కాదు. ఆ జీపు చక్రాల్లోని బ్రేకు డ్రమ్ము వ్యాసం 9 అంగుళాలు, షూ వెడల్పు అంగుళం ముప్పావు. 1940ల నాటి యుద్ధపు జీపు కొలతల మీద, ఆ కాలపు వేగాలకు సరిపోయేట్టు పెట్టినవి అవి. మనమేమో దానికి బలమైన ఇంజను వేసి, పెద్ద టైర్లు తొడిగి, వెనుక పదిమందిని కూర్చోబెట్టి, నున్నటి తారు రోడ్డు మీద 60, 70 కిలోమీటర్ల వేగంతో తోలుతున్నాము. 1990లలో దేవరకొండ దారిలో, అచ్చంపేట దారిలో తిరిగిన సర్వీసు జీపులు చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు. లోపల ఎంతమందో, వెనుక వేలాడేవాళ్ళు అంతమంది.

ఇక అసలు సంగతి. 2011 వేసవి సెలవుల్లో నల్లగొండ నుంచి శ్రీశైలం బయలుదేరాము. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా నాయిన, సామాను. దేవరకొండ, డిండి మీదుగా పోయి మన్ననూరు దగ్గర అడవిలో ప్రవేశించాము. బయలుదేరే ముందు రోజు ఒక షెడ్డులో బండి చూపిస్తే, పెడల్ కొంచెం దిగుతున్నదని బ్రేక్ ఆయిల్ పోసి "అయిపోయింది సార్" అన్నారు. నేను నమ్మాను. దోమలపెంట దాటినాక కృష్ణ వైపు దిగే మలుపుల్లో మూడో గేరులో, కాలు బ్రేకు మీద ఆనించే ఉంచి దిగుతున్నాను. మొదట కాలిన వాసన వచ్చింది. ఎవరో అడవిలో ఏదో కాలుస్తున్నారనుకున్నాము. తర్వాత పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం తగ్గడం లేదు. ఇంకో రెండు మలుపులు పోయేసరికి పెడల్ ఒక్కసారిగా మెత్తబడి ఫ్లోరుకు తగిలింది. పాదం కింద ఏమీ లేదు.

పెడల్‌ను రెండు మూడుసార్లు కొట్టాను. రాలేదు. ఎట్లాగో రెండో గేరులో వేసి, డాష్‌బోర్డు కింది హ్యాండ్ బ్రేకు గుంజి, కొండ వైపు గోడలాంటి రాళ్ళకు ఎడమ మడ్‌గార్డు రాపిడి పెట్టి ఆపాను. కుడివైపు లోయ. "ఏమైంది బిడ్డా?" అని మా నాయిన అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. విచిత్రమేమంటే, గంట సేపు ఆ రాళ్ళమీద కూర్చొని లేచి చూస్తే పెడల్ మామూలుగా ఉంది! ఏ లోపమూ లేని బండిలాగా.

తిరిగి వచ్చేటప్పుడు బండిని దేవరకొండలో ఒక ముసలి ఉస్తాద్‌కు చూపించాను. ఆయన బండిని చూడకముందే నన్ను ప్రశ్నలడిగాడు. "సారూ, పెడల్ గట్టిగుండి బండి ఆగలేదా, పెడలే దిగిపోయిందా?" ముందు అది, తర్వాత ఇది అన్నాను. "అట్లయితే రెండు రోగాలు. రెంటికీ ఒకటే మందు పోసిన్రు" అన్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. బ్రేకు బలహీనంగా ఉందంటే, ఏది బలహీనంగా ఉందో తెలియకుండా సామాను మార్చడం దండుగ.

కొంచెం లెక్క వేద్దాము. బ్రేకు పని బండిని ఆపడమని అనుకుంటాము. నిజానికి దాని పని చలనశక్తిని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1500 కిలోల జీపు 60 కి.మీ. వేగంతో పోతున్నప్పుడు దాని చలనశక్తి సుమారు 2 లక్షల 8 వేల జౌళ్ళు. 40 కి.మీ. వేగంలో అయితే 92 వేలు మాత్రమే. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లు అవుతుంది. ఇక ఘాటు రోడ్డు సంగతి చూడండి. అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే స్థితిశక్తి 14 లక్షల 70 వేల జౌళ్ళు. అనగా 60 కి.మీ. వేగం నుంచి వెంట వెంటనే ఏడుసార్లు ఆపినట్టు. ఒక్కో డ్రమ్ము ఇనుము 5 కిలోలనుకుంటే నాలుగూ కలిపి 20 కిలోలు. ఆ వేడి అంతా గాలికి పోకుండా ఇనుములోనే ఉండిపోతే, ఆ 100 మీటర్లకే డ్రమ్ముల ఉష్ణోగ్రత 160 డిగ్రీలు పెరుగుతుంది. కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను పీలుస్తుంది, నిజమే. కాని ఆ దిగుడు 100 మీటర్లతో అయిపోయేది కాదు.

వేడెక్కితే ఏమవుతుంది? మొదటిది, షూ మీది లైనరు పట్టు తగ్గుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, రాపిడి ఉండదు. రెండవది, ఇనుము వ్యాకోచిస్తుంది. 9 అంగుళాల డ్రమ్ము 150 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం దాదాపు 0.4 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇంతేనా అనకండి. షూకు, డ్రమ్ముకు మధ్య ఉంచవలసిన సందే ఒక్కో వైపు 0.13 నుంచి 0.2 మిల్లీమీటరు. అంటే సందు రెట్టింపు అయింది, పెడల్ అంత కిందికి దిగుతుంది. మూడవది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, అందుకే పాస్కల్ సూత్రం పనిచేస్తుంది. ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. పైపులో ఆవిరి బుడగ చేరిందంటే మన కాలు బుడగను నొక్కుతుంది, షూను కాదు. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగి వస్తుంది. గంట తర్వాత నాకు పెడల్ దొరకడంలోని రహస్యం ఇదే.

మరి కొత్తగా ఆయిల్ పోశారు గదా? పోశారు, పాతదానిమీదే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలదాకా మరగదు. నీరు పీల్చుకున్న తర్వాత ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. నా బండిలోని ఆయిల్ ఎన్నేళ్ళదో ఎవరికీ తెలియదు. ఉస్తాద్ దాన్ని గ్లాసులో పట్టి చూపించాడు, చాయ్ రంగులో ఉంది. రెండేళ్ళకొకసారి పూర్తిగా తీసి కొత్తది పోయడం పాత బండికి చేయగలిగిన మొదటి మేలు, అందరికన్నా చవకైన మేలు. దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరి చక్రానికి వస్తూ ఎయిర్ తీయాలి. ఇంకొకటి: వీల్ సిలిండర్లను కిరసనాయిలుతోనో డీజిలుతోనో కడగడం మన వైపు అలవాటు. ఆ నూనెలు తగిలితే లోపలి రబ్బరు బకెట్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనో స్పిరిటుతోనో మాత్రమే కడగాలి.

తర్వాత ఉస్తాద్ నాలుగు చక్రాలూ విప్పాడు. అక్కడ నాకు సిగ్గు వేసింది. వెనుక ఎడమ చక్రంలో హౌసింగ్ ఆయిల్ కారి షూ తడిసిపోయింది. సీలు పోయి ఎన్నాళ్ళయిందో! ముందు కుడి చక్రంలో మన మొరం దుమ్ము అట్ట కట్టి ఉంది. డ్రమ్ముల్లో రెంటికి లోపల గాడులు. అంటే నాలుగు బ్రేకుల బండిని నేను రెండున్నర బ్రేకులతో తోలుతున్నాను. (ఆ దుమ్మును ఎవరైనా గాలి కొట్టి ఊదబోతే వద్దనండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిగుడ్డతోనే తుడవాలి.)

ఈ జీపు బ్రేకులో ఇంకో కిటుకు ఉంది. చాలామంది మెకానిక్కులు పైనున్న సర్దుబాటు బోల్టును మాత్రమే తిప్పి, చక్రం కొంచెం పట్టేదాకా బిగించి వదిలేస్తారు. కాని ప్రతి షూ అడుగున కూడా ఒక ఇరుసు పిన్ను ఉంది, అదీ తిరిగేదే. కొత్త లైనర్లు వేసినప్పుడు దాన్ని కూడా సరిచేయకపోతే షూ మొత్తం డ్రమ్ముకు ఆనదు, పై కొస మాత్రమే ఆనుతుంది. పాత కంపెనీ పుస్తకం ప్రకారం అడుగున అంగుళంలో వెయ్యింట 5 వంతులు, పైన 8 వంతులు సందు ఉండాలి. డ్రమ్మును లేతు మీద చెక్కించినప్పుడు దాని వ్యాసం పెరుగుతుంది కనుక, లైనరు వంపును కూడా దానికి సరిపోయేట్టు అరగదీయించాలి. లేకుంటే షూ నడుమ మాత్రమే తగులుతుంది, పూర్తిగా ఒరుసుకునేదాకా సగం బ్రేకే.

ఈ పనులన్నీ అయ్యాక, మా ఊరి బయట ఖాళీ రోడ్డు మీద 40 వేగంతో పోయి ఆపి, టేపుతో కొలిచాము. అంతకుముందు 20 మీటర్లకు పైగా పట్టేది 12 మీటర్లలోపే ఆగింది. కొత్త సామాను ఒక్కటీ వేయలేదు, లైనర్లు, సీలు, ఆయిల్ తప్ప. అందుకే, బ్రేకులు మెరుగుపరుస్తామని పట్నం నుంచి పెట్టెలు తెప్పించే కుర్రవాళ్ళకు నేను ముందు ఒకటే చెబుతాను: కంపెనీవాడు ఇచ్చిన బ్రేకు ఇంకా బండిలో ఉందా లేదా చూసుకో, తర్వాత దానికన్నా మంచిది పెట్టుకో.

ఇక మెరుగుపరచడం సంగతి. అందరూ బూస్టరు అంటారు, డిస్కు అంటారు. నేనైతే మొట్టమొదట రెండు గదుల మాస్టర్ సిలిండర్ అంటాను. పాత జీపులో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది, ఒకే గది. నాలుగు చక్రాలకూ అందులోనుంచే ఆయిల్. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం పగిలినా, ఒక పైపు రాయి తగిలి చీలినా నాలుగు బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. రెండు గదులదైతే ముందు చక్రాలు వేరు, వెనుక చక్రాలు వేరు. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. అమెరికాలో 1960ల చివరికే కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. ఆగే దూరం దీనివల్ల ఒక్క అడుగు కూడా తగ్గదు, అందుకే ఎవరూ దీని మీద డబ్బు పెట్టరు. దిగుడులో పెడల్ నేలకు తగిలినవాడికి దాని విలువ తెలుస్తుంది.

వేసేటప్పుడు సిలిండరు లోపలి వ్యాసం చూసుకోవాలి. అంగుళం సిలిండరు బదులు ముప్పాతికా అరపాతిక అంగుళం, అంటే 7/8 వేస్తే, వైశాల్యం తగ్గుతుంది కనుక అదే కాలి బలానికి పైపులో పీడనం 31 శాతం పెరుగుతుంది. బూస్టరు లేకుండానే బ్రేకు తేలికవుతుంది. కాని ఊరికే ఏదీ రాదు. పెడల్ కూడా అంతే ఎక్కువ దూరం దిగాలి. సందులు సరిగా లేని బండికి ఇది వేస్తే పెడల్ నేలకు తగులుతుంది.

బూస్టరు గురించి ఒక హెచ్చరిక. అది ఇంజను పీల్చే వాక్యూంతో పనిచేస్తుంది. పెట్రోలు ఇంజనులో త్రాటిల్ మూసుకున్నప్పుడు వాక్యూం దానంతట అదే పుడుతుంది. డీజిలు ఇంజనులో గాలికి ఆ అడ్డు ఉండదు కనుక వాక్యూం కోసం వేరే పంపు కావాలి. ఇంజను మార్చిన పాత జీపులకు పంపు లేకుండా బూస్టరు బిగించి "పనిచేస్తలేదు" అనేవాళ్ళను చూశాను. ఇంకా ముఖ్యమైనది ఏమంటే, బూస్టరు కాలికి సాయం చేస్తుంది, డ్రమ్ముకు కాదు. నూనె తడిసిన షూను ఎంత బలంగా నొక్కినా నూనే. వేడెక్కిన డ్రమ్మును బూస్టరు ఇంకా త్వరగా వేడెక్కిస్తుంది.

డ్రమ్మును పెద్దది చేయడం నిజమైన మెరుగు. 9 అంగుళాల నుంచి 11కు పోతే, అదే బలానికి చక్రాన్ని ఆపే టార్కు 22 శాతం పెరుగుతుంది. ఇనుము ఎక్కువ కనుక వేడి కూడా ఎక్కువ మింగుతుంది. షూ వెడల్పు పెంచితే ఆపే బలం పెరుగుతుందని చాలామంది నమ్మకం. అది పొరపాటు. రాపిడి బలం వైశాల్యం మీద ఆధారపడదని మనం పాఠంలో చెప్పుకున్నదే. వెడల్పు వల్ల అరుగుదల తగ్గుతుంది, వేడి తట్టుకుంటుంది, అంతవరకే. ఇటు డ్రమ్ము పెంచి అటు టైరు పెంచేవాళ్ళూ ఉన్నారు. 28 అంగుళాల టైరు తీసి 31 తొడిగితే బ్రేకులో పదో వంతు అక్కడే పోయింది.

డిస్కులు వేడిని బాగా వదులుతాయి, వాగు దాటినాక త్వరగా ఆరుతాయి. మన ఊళ్ళల్లో వానాకాలం లోలెవెల్ వంతెనలు దాటేవారికి ఆ గుణం తెలుసు. డ్రమ్ములో నీరు చేరితే కొంత దూరం బ్రేకు మీద కాలు ఆనించి నడిపి ఆరబెట్టుకోవాలి. అయితే డ్రమ్ములో ముందు షూ తిరిగే చక్రంతోబాటు తానే లోపలికి లాక్కుపోయి బిగుస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు, కనుక ఎక్కువ పీడనం కావాలి, అంటే బూస్టరు దాదాపు తప్పదు. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు జరుగుతుంది. రెండు మీటర్ల చక్రాల దూరం గల ఈ పొట్టి జీపులో అది 300 కిలోలకు తక్కువ ఉండదు. వెనుక తేలిపోయిన చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి తోక తిరుగుతుంది. అందుకే డిస్కు ఎప్పుడూ ముందుకే, వెనుక పీడనం తగ్గించే వాల్వుతో. ఇట్లాంటి మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుందేమో ఆర్.టి.ఏ. ఆఫీసులో కనుక్కొని మరీ చేయించుకోవాలి.

ఫోర్ వీల్ జీపుకే ప్రత్యేకమైనది హ్యాండ్ బ్రేకు. అది చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు ఇరుసు కూడా దానితో కలిసిపోతుంది కనుక ఆ ఒక్క చిన్న డ్రమ్ము నాలుగు చక్రాలనూ పడుతుంది. ఆనాడు నేను ఆ సంగతి తెలియక టూ వీల్‌లోనే గుంజాను. దీనికి ఇంకో ముఖం ఉంది. పంక్చరు వేయడానికి ఒక వెనుక చక్రాన్ని జాకీ మీద లేపితే, డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీదిది దొర్లుతుంది, హ్యాండ్ బ్రేకు ఉన్నా బండి జారిపోతుంది. వాలులో జాకీ ఎత్తేముందు చక్రాల కింద రాళ్ళు పెట్టడం చాదస్తం కాదు.

ఘాటు రోడ్డులో ఎక్కిన గేరులోనే దిగమని పెద్దలు చెప్పేది లెక్క ప్రకారం సరైనదే. ఇంజను పీల్చిన ప్రతి జౌలూ డ్రమ్ముకు తప్పినట్టే. మట్టిదారిలో అయితే లో రేంజి వేయాలి, అక్కడ గేరు నిష్పత్తి సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. తారు మలుపుల్లో మాత్రం వద్దు. ఈ జీపులో లో రేంజి ఫోర్ వీల్‌తోనే పడుతుంది, మలుపులో ముందు వెనుక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అక్కడ హై రేంజిలో రెండో గేరు చాలు. బ్రేకు గట్టిగా కొద్దిసేపు వేసి వదలాలి, ఆనించి ఉంచకూడదు.

ఇప్పుడు నా బండిలో రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఉంది, 11 అంగుళాల డ్రమ్ములున్నాయి. బూస్టరు లేదు, డిస్కులు లేవు. శ్రీశైలం మళ్ళీ నాలుగుసార్లు వెళ్ళి వచ్చాము. మా ఆవిడ ఇప్పటికీ ఆ మలుపుల దగ్గర ముందున్న కడ్డీ పట్టుకొనే కూర్చుంటుంది. మొన్న వెనుక ఎడమ చక్రం దగ్గర మళ్ళీ చిన్న నూనె మరక కనిపించింది. వచ్చే ఆదివారం విప్పుతున్నాను. చూడదలచుకున్న విద్యార్థులు పాత బట్టలు వేసుకొని పొద్దున్నే రావచ్చు.